పాత కారూ, రేపు అనే మెకానికూ

మనిషి సుఖంగా బతకాలంటే కదలని కారు ఒకటి ఉండాలి. కదిలే కారున్నవాళ్లను చూస్తే నాకు జాలి. తాళం తిప్పుతారు, వెళ్తారు, వస్తారు. అదీ ఒక బతుకేనా?

నాకు ఇరవై రెండేళ్ల చిన్న కారుంది. రెండే తలుపులు, వెనకాల ఒక మూత. ముందు ఇద్దరు కూర్చుంటే నిండుగా ఉంటుంది. వెనక ఇద్దరు కూర్చుంటే తగాదా వస్తుంది. దాన్ని బాగుచేయించడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరలో నేర్చుకున్నది మా పల్లెబడిలో అయిదేళ్లు చదివినా నేర్చుకోలేదు. అక్కడ బెత్తం ఒక్కటే సైజు. ఇక్కడ స్పానర్లు పద్నాలుగు సైజులు!

మా ఆవిడ పోయి రెండేళ్లయింది. నెల తిరక్కుండానే సలహాలు మొదలయ్యాయి. ఒకాయన కుక్కను పెంచమన్నాడు. ఇంకొకాయన పొద్దున్నే పార్కులో గుంపుగా నిలబడి గట్టిగా నవ్వమన్నాడు. ఏం చూసి నవ్వాలో చెప్పలేదు. మా అల్లుడు మాత్రం సూటిగా విషయానికొచ్చాడు.

"మామయ్యా, ఆ కారు తుక్కుకిచ్చేద్దాం. గేటు దగ్గర స్థలం కలిసొస్తుంది."

"కలిసొస్తే ఏం చేస్తావ్?"

"మేం వచ్చినప్పుడు మా కారు పెట్టుకుంటాం."

వాళ్ల ఇల్లు పక్క వీధిలోనే. గట్టిగా తుమ్మితే ఇక్కడికి వినిపిస్తుంది.

మా అమ్మాయి తీర్పు చెప్పింది. "నాన్నా, వచ్చే ఏడాది దానికి ఫిట్‌నెస్ పరీక్ష. పాసయితే నీ ఇష్టం. ఫెయిలైతే మాత్రం మర్నాడే తుక్కు కొట్టుకి. అప్పుడు ఆ సాకూ ఈ సాకూ చెప్పకు." అచ్చం తల్లి గొంతు. ఒప్పుకున్నాను. ఆ గొంతుకి ఎదురు చెప్పే అలవాటు ఆవిడతోనే పోయింది.

ఇక పాత కారు ఇచ్చే వరాల సంగతి చెబుతాను. మొదటి వరం మా మెకానిక్.

అతని అసలు పేరు వాళ్లమ్మకు గుర్తుండొచ్చు. మా వీధికి మాత్రం అతను 'రేపు'. గారేజీకి బోర్డు లేదు. ఎవర్నడిగినా "రేపు దగ్గరికా? ఆయిల్ మరకలు పట్టుకుని వెళ్లిపోండి" అంటారు. నేను రోజూ వెళ్లేవాణ్ణి. అతను రోజూ కారు కింద ఉండేవాడు. నా కారు కింద కాదు, ఇంకెవరిదో.

"క్లచ్ ఏమైంది?"

"రేపు బాబాయ్, ఖాయంగా."

"పోయిన మంగళవారం కూడా అదే అన్నావు."

"మరి? నేను మాట మార్చే మనిషిని కాదు బాబాయ్."

మీకిది వేధింపులా కనిపిస్తుంది. ఎంత పొరపాటు! ఒంటరివాడికి తెల్లారి లేవడానికో కారణం కావాలి. డాక్టర్లు మాత్రలిస్తారు గానీ కారణం ఇవ్వరు. మా రేపు ఇస్తాడు. రోజుకొకటి, పరగడుపునే. ఆశ పెట్టేవాళ్లు, అది తీర్చకుండా కాపాడేవాళ్లు ఈ రోజుల్లో ఎంతమంది ఉన్నారు?

ఆరోగ్యానికి కూడా ఇంతకంటే మంచిది లేదు. కదలని కారున్నవాడు తప్పనిసరిగా నడుస్తాడు. కదిలీ కదలని కారున్నవాడు దాన్ని తోస్తాడు. నా ఛాతీ పటుత్వం చూసి డాక్టరు "జిమ్‌కి వెళ్తున్నారా?" అని అడిగాడు. లేదు, క్లచ్ ప్లేటు మార్పిస్తున్నానని చెప్పాను.

రెండో వరం తుక్కు కొట్టు. తక్కువ ఖర్చులో కారు బాగుపడాలంటే చచ్చిన కార్ల అవయవాలు తెచ్చి అతికించాలి. ఆ కొట్టు యజమానురాలు లారీ టైరు మీద దిండు వేసుకుని మహారాణిలా కూర్చుంటుంది. ఆవిడ దగ్గర నిజం తప్ప అన్నీ దొరుకుతాయి.

"అన్నయ్యా, ఈ సీటు చూడు. రేసు కారుది. దీంట్లో కూర్చున్నవాడు ఎక్కడా ఆగలేదు."

"అందుకేనా బండి మీ కొట్టుకొచ్చింది?"

"సీటుకేం కాలేదుగా!"

కొన్నాను. రెండు పక్కలా గట్లు లేచి, బావిలో దిగినట్టుండే సీటు. ఎక్కడం సులువే, దిగడానికే ప్రణాళిక వేసుకోవాలి. డ్రైవరు వైపు బిగించాం. ఆ తర్వాత ఇంకో చచ్చిన కారులోంచి పాటల పెట్టె తెచ్చి, సీట్లకు మధ్య చెక్కతో గూడు కట్టి కూర్చోబెట్టాం. అది ఎత్తులో నా మోకాలిని దాటింది. అద్దాలు దించే చేతి పిడులు పీకేసి, బటన్ నొక్కితే దిగే అద్దాలు పెట్టించాం. తాళం తిప్పి ఉంటేనే దిగుతాయి. లేకపోతే వాటికి మనం ఎవరమో తెలియదు. హారన్ లారీది. నొక్కితే ముందున్న కారు కాదు, దాని ముందున్న కారు పక్కకు తప్పుకుంటుంది. బానెట్ ఒక ఎరుపు, తలుపులు ఇంకో ఎరుపు. పెయింటరును నిలదీశాను.

"ఎండలో తిరిగితే కలిసిపోతాయి సార్."

"ఎన్నాళ్లు తిరగాలి?"

"మీ ఓపిక."

చూశారా! ప్రతి పనివాడూ వేదాంతే. కొత్త కారు షోరూములో ఈ జ్ఞానం దొరుకుతుందా? అక్కడ టై కట్టుకున్న కుర్రాడు మీకు మంచినీళ్లిచ్చి, మీ సంతకం తీసుకుని, మిమ్మల్ని మర్చిపోతాడు.

నా బడ్జెట్ సూత్రం ఒక్కటే. వాడే వస్తువుకే ఖర్చు. దీన్ని నేను ఎవరి కోసమూ సడలించలేదు. ఒకరోజు రేపు కారు చుట్టూ తిరిగి వచ్చి అన్నాడు.

"బాబాయ్, పక్క సీటు తలుపు లోపల్నుంచి తెరుచుకోవట్లేదు. విప్పి చూడనా?"

"తొమ్మిదేళ్లుగా అంతే. బయట్నుంచి తెరుచుకుంటుందిగా, వదిలెయ్. అక్కడెవరూ కూర్చోరు."

ఆ తలుపు గురించి కొంచెం చెప్పాలి. అది నాకు మా వీధిలో గొప్ప పేరు తెచ్చింది. కారు ఆపాక నేను దిగి, చుట్టూ తిరిగి వచ్చి, తలుపు తీసి పట్టుకుంటే మా ఆవిడ దిగేది. ప్రతిసారీ. ఎదురింటావిడ కిటికీలోంచి చూసి మొగుణ్ణి పిలిచేది. "చూడండి, చూసి నేర్చుకోండి. పెళ్లాన్ని ఎలా చూసుకుంటున్నాడో!" ఎదురింటాయన తొమ్మిదేళ్లుగా నాతో మాట్లాడడు. ఆయన బాధ నాకు అర్థమవుతుంది. మా ఆవిడ మాత్రం తలుపు తెరవగానే "జైలరుగారు వచ్చారా?" అనేది. పండ్లు బిగించి, వీధికి నవ్వు కనిపించేలా.

పరీక్ష రోజు వచ్చింది. మా రేపు ఆ ముందురోజే అన్నీ పూర్తిచేశాడు. నాకే భయమేసింది.

రవాణా ఆఫీసు ఇన్‌స్పెక్టరు సన్నటి మనిషి. రెండు ఎరుపులనూ ఒకటికి రెండుసార్లు చూశాడు. "మీరు పక్కన కూర్చోండి, నేను నడుపుతాను" అన్నాడు. ఇరవై రెండేళ్లలో ఆ సీట్లో కూర్చోవడం నాకు అదే మొదలు. బ్రేకులు తొక్కాడు, పట్టాయి. క్లచ్ చూశాడు, బాగుంది. ఆవరణ చుట్టూ తిప్పి రేకుల షెడ్డు పక్కన ఎండలో ఆపాడు. తాళం, కాగితాలు చేత్తో పట్టుకుని ఎలాగో బావిలోంచి బయటపడ్డాడు.

"దిగి ఆఫీసులోకి రండి. సంతకం పెట్టాలి" అని తలుపు వేసి వెళ్లిపోయాడు.

నేను పిడి లాగాను. అది ఉత్తినే ముందుకొచ్చింది, తలుపు కదల్లేదు. అప్పుడు గుర్తొచ్చింది.

అద్దం బటన్ నొక్కాను. తాళం ఆయన దగ్గరుంది. అటువైపు నుంచి దిగుదామంటే మధ్యలో నా పాటల పెట్టె, దాని అవతల నా రేసు సీటు గట్టు. ఒక కాలు వేశాను. రెండో కాలు రానంది. మొదటి కాలును వెనక్కి తెచ్చుకోవడానికే చాలాసేపు పట్టింది. ఎంతో ముచ్చటపడి పెట్టించిన ప్రతి వస్తువూ ఒక్కో జైలు ఊచలా నిలబడింది. అద్దం మీద కొట్టాను. దారిన పోయే ఒకాయన చూశాడు. తెలిసినవాణ్ణనుకుని చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను. ఇంకేం చేస్తాను?

చెయ్యి చాపితే హారన్ అందుతుంది. చాపాను. వెనక్కి తీసుకున్నాను.

ఒకసారి నేను మందుల షాపులోకి వెళ్లి, అక్కడ పాత స్నేహితుడు కనిపిస్తే ఊళ్లో వాళ్లందరి లోపాలూ మాట్లాడుకుని, గంట తర్వాత కారు దగ్గరికొచ్చాను. మా ఆవిడ బిగుసుకుపోయిన అద్దం పక్కన, చీరతో గేరు దాటి రాలేక, బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చునుంది. జాకెట్టు చెమటతో తడిసిపోయింది. "హారన్ కొట్టొచ్చుగా?" అని విసుక్కున్నాను. విసుక్కున్నది నేను! "నలుగురూ చూస్తారు. పెళ్లాన్ని కార్లో పెట్టి మర్చిపోయాడంటారు. మిమ్మల్ని మాట అనిపించడం నాకెందుకు?" అంది. ఆ సాయంత్రమే తలుపు బాగుచేయిస్తానన్నాను.

అంతకుముందు కూడా అన్నాను. ఆ తర్వాత కూడా అన్నాను.

ఎండ పెరిగింది. చేసేదేమీ లేక తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. పిడి చుట్టూ రెగ్జిన్ ఒకచోట నున్నగా అరిగి, లోపలి గుడ్డ కనిపిస్తోంది. బొటనవేలంత మేర. తెరుచుకోదని ఆవిడకు తెలుసు. అయినా దిగాల్సిన ప్రతిసారీ ఒకసారి లాగి చూసేదన్నమాట. నేను బాగుచేయించి ఉంటానేమోనని.

ఇన్‌స్పెక్టరు అరగంటకు వచ్చాడు. తలుపు తీసి వింతగా చూశాడు.

"ఇంకా కూర్చున్నారేంటి?"

"తెరుచుకోదండీ."

"ఎప్పట్నుంచి?"

చెప్పాను. ఆయన కాగితం మీద ఏదో కొట్టేశాడు. "లోపల్నుంచి తలుపు తెరుచుకోకపోతే ఫెయిల్. అయిదింటిలోపు చేయించుకొస్తే మళ్లీ చూస్తాను. ఇవాళే ఆఖరు." అప్పటికి మూడున్నర.

మా రేపు ఎవరి కారు కిందో ఉన్నాడు. కాళ్లు పట్టి బయటికి లాగాను.

"పక్క తలుపు. ఇప్పుడే కావాలి."

"రేపు..." అని మొదలుపెట్టి నా మొహం చూశాడు. ఆపేశాడు.

లోపలి అట్ట విప్పాడు. మేకుల డబ్బాలో వేలు పెట్టి కెలికి, వేలిగోరంత ప్లాస్టిక్ క్లిప్పు ఒకటి తీశాడు. టక్కున పెట్టాడు. పిడి లాగాడు. తలుపు తెరుచుకుంది. అంతా కలిపి పది నిమిషాలు. అందులో నాలుగు నిమిషాలు అతను చేతులు తుడుచుకున్నాడు.

"అయిపోయిందా?"

"అయిపోయింది బాబాయ్. గోరంత క్లిప్పు. తొమ్మిదేళ్లు ఎందుకు ఉంచారు?"

నాకు తెలిసిన జవాబు ఒక్కటే. "రేపు చేయిద్దామని."

అతను పడీ పడీ నవ్వాడు. "మరి ఆ పేరు నాకెందుకు పెట్టారు బాబాయ్?"

నేను చాలామందిని క్షమించలేదు. రెండు ఎరుపుల పెయింటరును క్షమించను. స్థలం కొలుచుకున్న అల్లుణ్ణి క్షమించను. ఆ జాబితా పొడుగ్గానే ఉంది, రోజూ అద్దంలో గడ్డం గీసుకునేటప్పుడు పైనున్న పేరు కనిపిస్తుంది.

కారు పాసయింది. మా అమ్మాయికి ఫోన్ చేసి చెప్పాను. "మంచిది నాన్నా" అంది, అల్లుడి నిట్టూర్పు వెనకాల వినిపిస్తుండగా. ఇప్పుడు ఒక్కసారి తాళం తిప్పితే కారు కదులుతోంది. ఆ పక్క తలుపు లోపల్నుంచి చిటికెన వేలితో తెరుచుకుంటుంది. లాగి చూసే మనిషే లేదు.

కాబట్టి పాఠకులారా, నా మాట విని పాత కారు కొనండి. నిదానంగా బాగుచేయించుకోండి. తొందరేముంది?

నిన్న కూరలు తీసుకుని ఇంటికొచ్చాను. కారు ఆపాను. కాళ్లకు అలవాటు పోలేదు. దిగి, చుట్టూ తిరిగి వెళ్లి, పక్క తలుపు తీసి పట్టుకున్నాను. సీట్లో కూరల సంచీ ఉంది. ఎదురింటి కిటికీలోంచి మాటలు వినిపించాయి.

"చూశారా? పెళ్లాం పోయినా ఆయన ఇంకా తలుపు తీస్తున్నాడు. అదీ మగాడంటే!"

ఎదురింటాయన ఏమీ అనలేదు. పాపం, తొమ్మిదేళ్లుగా ఏమీ అనలేదు. ఆ ఇద్దరికీ అసలు సంగతి చెప్పాలి. వెళ్లి తలుపు తట్టి, ఉన్నదున్నట్టు చెప్పేయాలి.

రేపు చెబుతాను.