తొమ్మండుగురు దాలమ్మల రహస్యం

బుధవారం పొద్దున్న విశ్వనాథ్ పెట్టుకున్న పని ఒక్కటే. మధ్యాహ్నం లోపల పది పేర్ల జాబితా పూర్తిచేసి, దానికి తాళం వేసి, ఇంటికెళ్ళి పనసకాయ కూర తినడం. పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి అతను హెచ్చార్ ఆఫీసరు. నిరుటి దాకా ఆ ఉద్యోగాన్ని టైమ్‌కీపరనేవారు. పేరు మారింది గానీ కుర్చీ మారలేదు, జీతం అసలే మారలేదు.

యజమాని వైకుంఠరావు ఆమధ్య విశాఖపట్నంలో ఒక హోటల్లో రెండు రోజుల శిక్షణకి వెళ్ళి, రెండు వస్తువులతో తిరిగొచ్చాడు. ఒకటి, జీడిపప్పు మీద తొక్క తీసే కొత్త మెషీన్‌కి ఆర్డరు. రెండోది, కంపెనీ సమాచారం బయటికి పోతుందన్న భయం. మెషీనొస్తే షెడ్డులో తొక్క తీసే ఆడవాళ్ళలో పదిమందిని మానిపించాలి. నిరుడు ఎక్కువ నాగాలు పెట్టినవాళ్ళు ఆ పదిమంది. ఆ సంగతి శనివారం తనే ప్రకటిస్తానన్నాడు.

"అంతవరకూ ఈగకి కూడా తెలీకూడదు. ఆ ఫ్యానాపు, కాగితం ఎగిరిపోగలదు. కిటికీలేసెయ్. గోడకి వీపానించి కూర్చో, వెనకనించి ఎవడూ చూడకుండా."

"ఉక్కపోస్తుందండీ."

"పోస్తే పొయ్యనీ. తప్పు మనిషిని తీసేస్తే కోర్టుకి లాగుతారు, కాబట్టి పేర్లు కరెక్టుగా ఉండాలి. ఇది గానీ బయటికి పొక్కిందా, పదకొండో పేరు నీది!"

విశ్వనాథ్ లేచి కిటికీలు మూసేశాడు. నాలుగేళ్ళు ఖాళీగా తిరగ్గా తిరగ్గా దొరికిన ఉద్యోగం. దీన్ని చూసే టెక్కలి మావగారు పిల్లనిచ్చారు. మా అల్లుడు హెచ్చారని ఆయన రావివలస దాకా చెప్పుకుని తిరుగుతున్నారు. పెళ్ళయి ఇంకా మూడు నెలలు కాలేదు.

చెమటలు కక్కుతూ జాబితా ముందేసుకున్నాడు. ఆరు పేర్లు గడగడా వచ్చేశాయి. మిగతా నాలుగు పేర్లూ దాలమ్మే. షెడ్డులో ఉన్న దాలమ్మలు తొమ్మండుగురు. నాగాల పుస్తకం రాసిన మేస్త్రీ వాళ్ళని గుర్తుపట్టడానికి మొగుడి పేరు పక్కన పెట్టి "సన్యాసయ్య దాలమ్మ", "మల్లేసు దాలమ్మ" అని రాసుకున్నాడు. కంప్యూటర్లోనేమో దాలమ్మ, టోకెన్ నెంబరు, అంతే. ఏ నెంబరు ఎవరి భార్యదో చెప్పడానికి ఆ మేస్త్రీ వేసవిలోనే పని మానేసి పోయాడు.

ఇంతేకదా, అడిగేస్తే పోలా అని విశ్వనాథ్ షెడ్డులోకి వెళ్ళాడు. తొలి దాలమ్మ ముందు నిలబడి, ఏమీ ఎరగనట్టు అడిగాడు.

"మీ ఆయన పేరేంటమ్మా?"

"ఓలమ్మ! ఆయన పేరు నానెలా సెప్తాను బాబూ? ఆయుస్సు తగ్గిపోద్ది."

"పోనీ, నువ్వు చెప్పమ్మా," అన్నాడు పక్కనున్నావిడతో.

"నాకు బావగారవుతారు బాబూ. నోటంట ఎలా వత్తాది?"

ఆ పక్కనున్నావిడకి మావ వరస. షెడ్డు మొత్తం కంచిలి పక్కనున్న రెండు ఊళ్ళ వాళ్ళే, అందరికీ అందరూ ఏదో ఒకటి అవుతారు. చివరికి రెండో దాలమ్మ జాలిపడి, పేరు చెప్పను గానీ ఆనవాలు చెప్తానంది.

"పెద్దపెద్ద నాయకులంతా ఉంటారు సూడు, ఆ ఊరి పేరే మా ఆయనది."

"అమరావతా?"

షెడ్డంతా గొల్లుమంది. "మగోడికి ఆ పేరెట్టుకుంటారేటి బాబూ? ఇంకా పైకెల్లు!"

"హైదరాబాదా?"

"ఇంకా పైకి!"

"ఢిల్లీరావా?"

దాలమ్మ సిగ్గుతో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ఒక్క పేరుకీ ఇరవై నిమిషాలు పట్టింది. ఇలా అయితే శనివారం కాదు, వచ్చే శివరాత్రికి కూడా తేలదని విశ్వనాథ్‌కి అర్థమైంది. అప్పుడే అతని బుర్ర వెలిగింది. భార్యలు చెప్పకపోతే భర్తలే చెప్పుకుంటారు కదా! మగవాళ్ళంతా వలసపోయి సూరత్‌లోనో, చెన్నైలోనో, పారాదీప్‌లోనో ఉంటారు. తొలి దాలమ్మ చేత సూరత్‌కి ఫోన్ చేయించి అందుకున్నాడు.

"పలాస ఫ్యాక్టరీ హెచ్చార్ నుంచండీ. మీ పూర్తి పేరు చెప్తారా?"

"సన్యాసయ్య బాబూ. ఎందుకండీ?"

"అది శనివారం దాకా చెప్పకూడదండీ, రహస్యం. కొత్త మెషీనొస్తోంది, దానికి సంబంధించింది. పేరు మాత్రం తేడా రాకూడదు," అని నోరు జారి, నాలిక కరుచుకున్నాడు.

అవతల గొంతు ఒక్కసారిగా వినయంగా మారిపోయింది. "రాసుకోండి బాబూ. ఏడేళ్ళై ఈడ మిసన్ల మీదే పని సేత్తన్నాను. టెన్తు తప్పినాను, అదీ రాసుకోండి."

వద్దంటే బాగుండదని విశ్వనాథ్ అదీ రాసుకున్నాడు. మిగతా దాలమ్మల భర్తలందరిదీ ఫోన్లో ఇదే వినయం. ఒకాయన తనకి మందు అలవాటు లేదని కూడా రాయించాడు. సాయంత్రానికి తొమ్మిది పేర్లూ దొరికాయి గానీ, ఫోన్లు చేతులు మారే హడావిడిలో ఏ పేరు ఏ టోకెన్‌దో కలగాపులగమైపోయింది. పనసకాయ కూర చల్లారిపోయింది.

ఇంకో రెండు రోజులు విశ్వనాథ్ ఎటెళ్ళినా మర్యాదలే. సన్యాసయ్య దాలమ్మ పనసతొనలు తెచ్చి బల్ల మీద పెట్టింది. "మీ మేలు మరిసిపోం బాబూ," అంది. పాపం, ఏమీ తెలీని మనిషని విశ్వనాథ్‌కి నిజంగానే ఏడుపొచ్చింది. పనసతొన గొంతు దిగలేదు. ఒకటి దిగింది గానీ రెండోది దిగలేదు.

శనివారం పొద్దున్న రైళ్ళు దిగి నలభైమంది మగవాళ్ళు సంచులతో ఫ్యాక్టరీ గేటు ముందు వరసకట్టారు. తొమ్మండుగురు భర్తలు పోగా, మిగతావాళ్ళు ఆ భర్తలు చెప్పిన కబురు విని ఉన్న పనులు వదిలేసి వచ్చినవాళ్ళు. వెనకాల ఆడవాళ్ళు టిఫిను డబ్బాలతో నిలబడ్డారు.

వైకుంఠరావు దూరం నుంచే ఆ గుంపుని చూసి కారాపేశాడు. వెంటనే ఫోన్.

"బయటపెట్టేశావు కదయ్యా విశ్వనాథూ! ధర్నాకొచ్చేశారు!"

"నా భార్య మీదొట్టు సార్, ఒక్కళ్ళకీ చెప్పలేదు!"

"మరి వాళ్ళంతా సంచులేసుకుని నా పుట్టినరోజుకొచ్చారా?"

ఆయన వెనక దారిన జీడిపెంకుల గుట్టెక్కి, జారి, తెల్లబట్టలు నల్లబట్టలై, చేతులు పెంకుల్లోని జీడినూనెకి చుర్రుమంటుండగా ఆఫీసులో పడ్డాడు. ఆయాసపడుతూ అన్నాడు, "కాగితం తీసి రాయి. ఈ ఫ్యాక్టరీలో పనిచేసే ఎవ్వరినీ... ఎవ్వరినీ తీసెయ్యనని నా మాటగా రాయి. రెండేళ్ళ దాకా అను. కాదు, మూడేళ్ళను. ఏదీ, సంతకం ఎక్కడ?"

మెట్ల మీద నిలబడి తనే చదివి వినిపించాడు. చప్పట్లు కొడతారనుకున్నాడు. చప్పట్లకి బదులు సన్యాసయ్య చెయ్యెత్తాడు.

"మమ్మల్ని తీసెయ్యడమేటి బాబూ? మేమింకా సేరనేదు కదా?"

"చేరడమేంటి?"

"కొత్త మిసన్ మీద పనికి మగోళ్ళు కావాలని పేర్లు రాసుకున్నారు కదండీ!"

వైకుంఠరావు విశ్వనాథ్ వైపు తిరిగాడు. అంతకంటే ముందే సన్యాసయ్య దాలమ్మ తిరిగింది.

"అయితే తీసీడానికేటి మా పేర్లు రాసినావు? నానింకా నీకు పనసతొనలు తినిపించినాను!"

ఆమె మెట్లెక్కి, యజమాని చేతిలో కాగితం లాక్కుని, మడతపెట్టి జాకెట్లో దోపుకుంది. ఇంక దాన్ని బయటికి తీసే మొనగాడు పలాసలోనే లేడు. వచ్చిన మగవాళ్ళు నానా మాటలూ తిట్టి, ఎలాగూ వచ్చాం కదా అని సోమవారం దాకా ఇళ్ళకి బయల్దేరారు. "ఏడాదై మా ఆయన మొకం సూడనేదు," అంటూ ఢిల్లీరావు దాలమ్మ అతని సంచి తనే పట్టుకుంది. ఆ ఒక్క మాటకి విశ్వనాథ్ మనసు కొంచెం కుదుటపడింది.

గదిలోకొచ్చాక వైకుంఠరావు వేలు చూపించాడు. "సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు."

విశ్వనాథ్‌కి మావగారి మొహం కళ్ళముందు తిరిగింది. అప్పుడు తను రాసిన వాక్యం గుర్తొచ్చింది.

"సార్... ఈ ఫ్యాక్టరీలో పనిచేసే ఎవ్వరినీ తీసెయ్యనని మీరే రాయించారు. నేనూ ఇక్కడే కదండీ పనిచేస్తున్నాను?"

వైకుంఠరావు కిటికీ తెరిచి గేటు వైపు చూశాడు. "ఆ కాగితం లాక్కున్న మనిషెవరు?"

"దాలమ్మ సార్."

"ఏ దాలమ్మ?"

"టోకెన్ నూటపదిహేడు సార్. భర్త పేరు సన్యాసయ్య," అన్నాడు విశ్వనాథ్, తడుముకోకుండా.

భార్యల పక్కన భర్తలు స్వయంగా నిలబడటంతో ఆ పొద్దున్నే అన్ని టోకెన్లకీ పేర్లు సరిచూసుకున్నాడు మరి. ఆ జాబితాలో ఇప్పుడు ఒక్క ఖాళీ లేదు, ఒక్క తప్పు లేదు, దాంతో ఎవరికీ పని కూడా లేదు.