మూత లేని సముద్రం

"మన వార్డుకి సముద్రం తెస్తన్నాను!" అని దేవీప్రసాద్ గారు ప్రెస్‌మీట్‌లో ప్రకటించగానే చప్పట్లు మోగాయి.

మాది మల్కాపురం దాటాక వచ్చే వార్డు. సముద్రం మాకు కూతవేటు దూరంలోనే ఉంది గానీ, అది అందరిదీ. దేవీప్రసాద్ గారు తెచ్చేది సొంతానికి, తన హాల్లోకి. గాజు తొట్టి, ఉప్పునీళ్ళు, బతికున్న పగడాలు, వాటి మధ్య ఓ రంగురంగుల చేప.

దేవీప్రసాద్ గారు మా కార్పొరేటర్. కాగితాల మీద మాత్రం ఆయన భార్య కుసుమకుమారి గారు. సీటు మహిళలకు రిజర్వయింది కాబట్టి ఆవిడ గెలిచారు, ఆయన పనిచేస్తున్నారు. ఆవిడ సంతకం ఆవిడ కన్నా ఆయనే ముద్దుగా పెడతారు.

మా వీధి కాలువ పొంగి మురుగంతా నా వరండాలోకి వస్తోంది. ఆ సంగతి విన్నవించుకోవడానికి రోజూ ఆయనింటికి వెళ్ళేవాణ్ణి కనుక ఈ చరిత్రకు ప్రత్యక్ష సాక్షినయ్యే భాగ్యం దక్కింది.

"మీ కాలవ నా గుండెల్లో ఉంది రమణమూర్తి గారూ," అనేవారాయన, గుండె మీద చెయ్యేసుకుని. అంత మురుగుకు చోటిచ్చే మనసు ఎందరికుంటుంది?

చేపను ఎంచడానికి నన్నూ వెంటబెట్టుకెళ్ళారు. అక్వేరియం షాపు సాయిశంకర్ రాస్ జాతి చేపలు వరసగా చూపించాడు.

"పగడాల ట్యాంకుకి అన్ని రాస్‌లూ పనికిరావండి. కొన్ని రొయ్యల్నీ నత్తల్నీ తినేత్తాయి, కొన్ని రాళ్ళు పడదోసేత్తాయి. ఈ ఫెయిరీ రాస్ బుద్ధిమంతమైంది సార్, దేన్నీ తినదు."

"ఎవుల్నీ తినకండా లీడరెలాగవుద్దిరా?"

"రెక్కలిప్పి రంగులు సూపిత్తాది సార్. ఆడవన్నీ దాని ఎనకాలే తిరుగుతాయి."

"అదే కట్టు!"

"ఓ మగది, రెండు ఆడవి తీసుకోండి. ముందు ఆడవాటిని వదలాల. అవి కుదురుకున్నాక మగదాన్ని దింపాల."

"నాకు సెప్తన్నావేటి? మన వార్డులో సేసింది అదే కదా! ముందు మా ఆవిణ్ణి దింపినాను, తరవాత నాను దిగినాను."

"ఇంకోటి సార్. మగది పోతే పెద్ద ఆడది మగదైపోద్ది. రంగుతో సహా."

దేవీప్రసాద్ గారు పొట్ట పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను. కాలువ పని ఉన్నవాడు నవ్వక తప్పదు.

"మూత మాత్రం మర్సిపోకండి సార్. ఇవి దూకేత్తాయి. పైన వల బిగించాల."

నవ్వు టక్కున ఆగింది. "నా ఇంట్లో ఉన్నోళ్ళు దూకరు. మూతెడితే నమ్మకం లేదనుకుంటాయి."

రిబ్బన్ కత్తిరింపు ఘనంగా జరిగింది. కరెంటు పోతే వీధంతా చెమటలు కక్కేది గానీ, పగడాలకు జనరేటరుండేది. మేత వెయ్యడం, రోజూ నీళ్ళలో ఉప్పు చూడడం కుసుమకుమారి గారి వంతు.

"ఏవండీ, వల బిగించమన్నాడు కదా ఆ అబ్బాయి," అన్నారావిడ ఓసారి.

"నీకు తెలీదు, నువ్వుండు."

ఆవిడ ఉన్నారు.

ఇంతలో కార్పొరేటర్లు తమలో ఒకరిని ఎన్నుకునే జోన్ చైర్మన్ ఎన్నిక వచ్చిపడింది. కార్పొరేటర్లు అవతలి పార్టీలోకి జారిపోకుండా వాళ్ళని రిసార్టులో క్యాంపు పెట్టారు. మహిళా కార్పొరేటర్ల తరఫున, ఎప్పట్లాగే, భర్తలు బస్సెక్కారు. ఫోన్లు లాక్కున్నారు. గేటుకి తాళం, గోడ చుట్టూ కాపలా. పేపర్లో ఆ ఫొటో చూసి, పార్టీ ముందుచూపుకి నేను మురిసిపోయాను. ఆ ముందుచూపులో ఎవరికీ తట్టని సంగతి ఒక్కటే. ఓటు ఇంట్లో ఉంది.

ఎన్నిక వాయిదా మీద వాయిదా పడింది. ఓ ఉదయం నేను వెళ్ళేసరికి కుసుమకుమారి గారు సోఫా కింద నుంచి ఎండిపోయిన చేపను చీపురుతో లాగుతున్నారు.

"మగది దూకేసింది రమణమూర్తి గారూ. ఈయనకి సెబుదామంటే ఫోను లేదు."

ఆ సాయంత్రమే ఆవిడ వల తెప్పించి ట్యాంకు మీద బిగించారు. తర్వాత రోజుల్లో ఆ ఇంటి ముందు అవతలి పార్టీ వాళ్ళ కారు తరచు ఆగేది. చేప పోయినందుకు పరామర్శకు వస్తున్నారనుకున్నాను.

ఎన్నిక రోజున నేనూ జోన్ ఆఫీసుకి వెళ్ళాను. కొత్త చైర్మన్ ఎవరైతే వాళ్ళకే కాలువ సంగతి మొట్టమొదట చెబుదామని నా ఆశ. క్యాంపు బస్సు దిగి, భర్తలు తెల్ల చొక్కాలతో బారులు తీరారు. తలుపు దగ్గర అధికారి చెయ్యి అడ్డం పెట్టాడు.

"కార్పొరేటర్లకే లోపలికి ప్రవేశం."

"నానేనయ్యా కార్పొరేటర్ని!" అన్నారు దేవీప్రసాద్ గారు.

"తమరి పేరు కుసుమకుమారా అండీ?"

అంతలోనే లోపల చప్పట్లు మోగాయి. అవతలి పార్టీ తరఫున జోన్ చైర్‌పర్సన్‌గా కుసుమకుమారి గారు ఎన్నికయ్యారు.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. వల కింద ఓ పెద్ద చేప, నిప్పులా ఎర్రగా, రెక్కలు విప్పి ఊరేగుతోంది. మేం అర్జీదారులం కూర్చునే ప్లాస్టిక్ కుర్చీలో, నా పక్కనే, దేవీప్రసాద్ గారు.

"కొత్త మగదాన్ని కొన్నారేటి?" అనడిగారు నెమ్మదిగా.

"పాత ఆడదేనండీ," అన్నాను.

కుసుమకుమారి గారు గదిలోంచి వచ్చారు. ఆయన లేవబోయి, అంతలోనే కూర్చున్నారు. నిజం చెబుతున్నాను, నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకు అసలు కార్పొరేటర్ చేతికి అధికారం వచ్చింది. ఆ వరండా కంపు ఎలాంటిదో ఇల్లు నడిపే మనిషికి ఒకరు చెప్పాలా? మురుగు గడప దాకా వచ్చిందని, రాత్రిళ్ళు నిద్ర లేదని గబగబా చెప్పేశాను.

ఆవిడ ఓపిగ్గా విన్నారు. తర్వాత గుండె మీద చెయ్యేసుకున్నారు.

"మీ కాలవ నా గుండెల్లో ఉంది రమణమూర్తి గారూ."