పరదా వెనక పూడిక

చింతలవాగు మీది చెక్‌డ్యాం మూడేళ్లుగా పూడిపోయి ఉంది. వాటర్‌షెడ్ కమిటీలోని పదకొండు మందిలో దాని దగ్గరికి వెళ్లి చూసినవాడు ఆదిశేషయ్య ఒక్కడే. మిగతా పదిమందీ టీ తాగడానికి ఉన్నారు.

వాగులో నీరు నిలవక ఆయన బోరు ఎండింది. చనిపోయిన భార్య హనుమాయమ్మ బిందెలతో నీళ్లు మోసి బతికించిన నలభై మామిడి చెట్లు ఇప్పుడు కొమ్మ తర్వాత కొమ్మ ఎండుతున్నాయి. ఆయన పెట్టిన పదిహేడు అర్జీల తర్వాత ఆ బుధవారం అధికారి కరుణశ్రీ వస్తోంది. పూడిక చూడాలి, తీయించడానికి సంతకం పెట్టాలి. అంతే పని.

ఆదిశేషయ్య పొద్దున్నే వెళ్లేసరికి కమిటీ అధ్యక్షుడు కాశీవిశ్వనాథం జేసీబీతో అక్కడున్నాడు. తిరువూరులో ఎరువుల కొట్టు నడిపే ఆయనకు తెలిసిన పాలన ఒక్కటే, అధికారి వస్తే శుభ్రం చేయడం. కారు ఆగే చోట తుమ్మ చెట్లు కొట్టించాడు. కట్ట ముందు అర సెంటు మేర పూడిక తోడించాడు.

"చూపించాల్సింది ఆ పూడికేనయ్యా," అన్నాడు ఆదిశేషయ్య.

"మేడం చెప్పులకి బురదంటితే సంతకం పెడుతుందా బాబాయ్? మీరు ఊరుకోండి."

దుమ్ము లేస్తోందని ట్యాంకరు తెప్పించాడు. డ్రైవరు పైపు తెరిచి వదిలేసి టిఫినుకు వెళ్లాడు. పూడిక తోడిన గుంటలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. మిగిలిన పూడిక చూడ్డానికి బాగుండదని దానికి అడ్డంగా షామియానా వేయించి, పరదా కట్టించి, వెనక వంట పెట్టించాడు.

ఈలోగా మినిట్స్ పుస్తకం వచ్చింది. ముందు సంతకాలు, తర్వాత తీర్మానం. కమిటీ పుట్టినప్పటి నుంచీ అదే పద్ధతి. ఆదిశేషయ్య కూడా ఖాళీ పేజీలో సంతకం చేశాడు.

పదింటికి రావలసిన కరుణశ్రీ పన్నెండున్నరకు వచ్చింది. గుంట చూసి ఆగింది.

"నీళ్లున్నాయి కదండీ?"

"అంతా మీ దయ మేడం," అన్నాడు కాశీవిశ్వనాథం, అలవాటుకొద్దీ.

అవి ట్యాంకరు నీళ్లని ఆదిశేషయ్య చెప్పాడు. ఎంత ఉన్నా లేదనేవాళ్లే రైతులని ఆమె సర్వీసులో నేర్చుకుంది. ఆదిశేషయ్య పరదా ఎత్తి చూపిద్దామని వెళితే వంటవాడు దేవానందం గరిటె అడ్డం పెట్టాడు.

"పప్పులో దుమ్ము పడుద్దండీ. ఇంకో పావుగంటలో వడ్డిస్తాం, కూర్చోండి."

ఆయన అతన్ని తోసి పరదా పట్టి లాగాడు. గుంజలు ఊడి, షామియానా మొత్తం పూడిక మీద పరుచుకుంది. కనపడే కాస్తా కనపడకుండా పోయింది.

"పెద్దాయనకి నీడలో మంచినీళ్లివ్వండి," అని కరుణశ్రీ కారెక్కి, ఆ ఖాళీ పేజీలో తీర్మానం చెప్పి రాయించింది. నీటి నిల్వ సంతృప్తికరం, పూడిక తీయనవసరం లేదు. కింద పదకొండు సంతకాలు. అన్నిటిలోకీ స్పష్టంగా ఉన్నది ఆదిశేషయ్యది.

నెల తిరక్కుండా చింతలవాగుకు ఉత్తమ నిర్వహణ బహుమతి వచ్చింది. ఒక్క సమావేశం కూడా మానని సభ్యుడని ఆదిశేషయ్యకు శాలువా కప్పారు. కాశీవిశ్వనాథం మైకు చేతిలో పెట్టి రెండు ముక్కలు మాట్లాడమన్నాడు.

"ఆ పూడిక గురించి ఇక నేను బతికుండగా ఎవరితోనూ మాట్లాడను," అని ఆయన మైకు కింద పెట్టాడు.

సభ చప్పట్లు కొట్టింది. మినిట్స్‌లో "ఫిర్యాదుదారు పూర్తిగా సంతృప్తి చెందారు" అని రాసుకున్నారు.