నీళ్ళు తాగిన గడియ

బుధవారం పొద్దున్నే ఆయన ఒక్క పని పెట్టుకున్నాడు: శుక్రవారం భార్య వచ్చేలోగా స్నానాలగది గడియ బాగుచేయడం. ఆవిడ ఉద్యోగం వేరే ఊళ్ళో. నెలకు రెండే రోజులు ఇంట్లో ఉంటుంది. ఆవిడ వచ్చే గడియ కోసం ఆయన గడియలు లెక్కపెడుతూ బతుకుతున్నాడు.

ఫ్యాక్టరీలో ఏ భాగానికి ఏ ప్లాస్టిక్ వాడాలో తేల్చేది ఆయనే. తడి తగిలేచోట నైలాన్ పనికిరాదు. అది నీళ్ళు తాగి ఉబ్బుతుంది. ఎసిటాల్ అనే ప్లాస్టిక్ బుద్ధిమంతురాలు, చుక్క ముట్టదు. చూడ్డానికి రెండూ తెల్లటి కడ్డీలే కాబట్టి గుర్తుకోసం ఒక్కోదాని కొసకు ఒక్కో రంగు పూస్తారు. ‘రంగున్న కొస కోయరాదు’ అని గోడమీద రాయించింది కూడా ఆయనే.

ఆ రోజు ఎసిటాల్ అరలో రంగులేని ముక్కొకటి దొరికింది. కస్టమర్ పనికైతే చెత్తలో వేయించేవాడు. భార్య పని కదా, తొందర. గడియ కడ్డీ జారే చిన్న గొట్టం, అదే బుష్‌ని, లేత్ మేస్త్రి చేత దాంతోనే చేయించి, వెంట్రుక దూరనంత కచ్చితంగా బిగించాడు. తర్వాత ఆయన రోజూ వేడినీళ్ళు పోసుకున్నాడు గానీ గడియ వేయలేదు. ఒంటరి మనిషి ఎవరికని వేసుకుంటాడు?

శనివారం ఆవిడ, “ఏమండీ, గడియ బిగుతుగా ఉందే” అంది.

“కొత్తది కదా, సిగ్గుపడుతోంది.”

ఆదివారం సాయంత్రం ఆరింటికి ఆవిడ రైలు. అయిదింటికి లోపల్నుంచి పిలిచింది. “ఏమండీ, ఇది రావడంలేదు.”

ఆయన తలుపు సందులోంచి నూనె పోశాడు. తలుపు గుంజాడు. పిడి ఊడి చేతికొచ్చింది. మేస్త్రికి ఫోన్ చేశాడు.

“మా ఆవిడ ఇరుక్కుపోయిందయ్యా. నైలానే అయ్యుంటుంది, త్వరగా రా.”

మేస్త్రి అరగంటలో వచ్చాడు, కత్తెర పట్టుకుని.

“ఇదెందుకయ్యా?”

“నైలాన్ చీర చిక్కుకుందనుకున్నాను సార్.”

రంపం కోసం అతను మళ్ళీ ఫ్యాక్టరీకి పరిగెత్తాడు. ఆయన తలుపుకి వీపు ఆనించి కూలబడ్డాడు. అవతల ఆవిడా అలాగే కూర్చుంది.

“నేను లేనప్పుడు రాత్రి ఏం తింటున్నారు?”

“ఏదో ఒకటి.”

“నేనూ అంతే.”

తర్వాత ఆర్నెల్లుగా ఫోన్లో పట్టని మాటలన్నీ ఆ సందులోంచి పట్టాయి. మేస్త్రి వచ్చి గడియ కోసేసరికి ఆరున్నర.

“నా వల్ల రైలు పోయింది” అన్నాడాయన తల దించుకుని.

ఆవిడ కోసిన బుష్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది. “రేపు పొద్దున బండి ఉందిలెండి. ఈసారి సరైన ప్లాస్టిక్ చూసి వేయించండి.”

“రేపే వేయిస్తాను.”

“రేపే ఎందుకు? తొందరపడి ఎంచితే ఏమైందో చూశారుగా.”

సోమవారం ఆయన నీలం కొస ఉన్న ఎసిటాల్ కడ్డీని తీసి, కొలిచి, జాగ్రత్తగా మళ్ళీ అరలోనే పెట్టి, మేస్త్రిని నైలాన్ కడ్డీ దించమన్నాడు.