ప్రేరణల శాఖలో అత్తయ్య పళ్ళు

మానవుడు నిప్పు పుట్టించిన మర్నాడే పక్క గుహవాడు అది చూసి ప్రేరణ పొందాడు. అప్పుడు దరఖాస్తు పెట్టించుకునే నాథుడు లేకపోవడం నాగరికతలోని మొదటి లోపం. దాన్ని సరిదిద్దడానికే ప్రేరణల నమోదు శాఖ వెలిసింది.

ఎవరిది చూసి వేశారో రాయందే ఏ బొమ్మా ప్రదర్శనలో గోడెక్కడానికి వీల్లేదు. పదో వంతు తీసుకుంటే ‘ప్రభావం’, సగమైతే ‘నివాళి’, మొత్తం దించేస్తే ‘గాఢ నివాళి’. (దొంగతనానికి గడి లేదు. శాఖ మర్యాద తెలిసినది.) ఫారాన్ని మాత్రం తొందరలో పశువైద్య శాఖ ఫారం నుంచి ప్రేరణ పొంది అచ్చేశారు. అందుకే చివర్లో కొమ్ములు, పళ్ళు, వయసు అనే గడులు మిగిలిపోయాయి.

పాఠ్యపుస్తకాలకు బొమ్మలు వేసే అమ్మాయి పదకొండేళ్ళుగా జీర్ణకోశాలే వేసింది. మొదటిసారి తనకోసం తాను ఒక బొమ్మ వేసుకుంది: కళ్ళజోడు నుదుటి మీదికి ఎగదోసి, పేము కుర్చీలో నోరు తెరిచి నిద్రపోతున్న అత్తయ్య. దాన్ని గోడ మీద చూసుకోవాలని ప్రాణం కొట్టుకుపోతోంది. సాయంత్రం ఐదుకి గడువు.

“మూలం గడి ఖాళీగా ఉందేంటి?” అన్నాడు నమోదు అధికారి.

“ఎవరి బొమ్మా చూసి వేయలేదండి. మా అత్తయ్యని చూసి వేశాను.”

“అత్తయ్య ఎవరి కృతి?”

“మా తాతయ్యదనుకోవాలండి.”

“ఆయన అనుమతి?”

“పోయి పన్నెండేళ్ళయింది.”

“పోయి అరవై ఏళ్ళు దాటితే ఎవరైనా వాడుకోవచ్చు. పన్నెండంటే వారసులు సంతకం పెట్టాలి.”

తాతయ్య పిల్లల్లో మిగిలిన ఒక్క వారసురాలూ అత్తయ్యే. ఆటోలోంచి ఆయాసపడుతూ దిగింది. తాను తన తండ్రి కృతినేనని, తనను వాడుకోవడానికి తనకేమీ అభ్యంతరం లేదని రాసి సంతకం పెట్టింది.

“కొమ్ములు?”

“ఇంకా రాలేదు నాయనా. నీ దగ్గర ఇంకో గంట కూర్చుంటే వస్తాయేమో.”

అధికారి ‘లేవు’ అని రాసుకున్నాడు. పళ్ళ కోసం ఆమె నోరు తెరిస్తే వంగి, కలంతో చూపిస్తూ లెక్కపెట్టాడు. నాలుగు. వయసు అరవై ఎనిమిది. ఐదుకి రెండు నిమిషాలుందనగా ముద్ర పడింది. బొమ్మ పరిశీలన కోసం పది రోజులు తన గదిలోనే ఉంటుందన్నాడు. (నిబంధన ఎక్కడుందని అమ్మాయి అడగలేదు. సంతోషంలో ఉన్నవాళ్ళు అడగరు.)

ప్రదర్శన రోజు అమ్మాయి అత్తయ్యని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. గుమ్మానికెదురుగా మొదటి బహుమతి బొమ్మ వేలాడుతోంది. అదే పేము కుర్చీ, అదే కళ్ళజోడు, అదే నోరు. పేరు ‘అమ్మ’. చిత్రకారుడు నమోదు అధికారి. అమ్మాయి బొమ్మ మరుగుదొడ్డి పక్కనుంది. కింద ‘గాఢ నివాళి. మూలం: అధికారి గారి అమ్మ’ అని చీటీ.

అత్తయ్య వెనక్కి నడిచి, కళ్ళజోడు కిందికి దించి, బహుమతి బొమ్మ చీటీ నిదానంగా చదివింది. మూలం: స్వయంప్రేరణ. కొమ్ములు: లేవు. పళ్ళు: నాలుగు. వయసు: డెబ్బై ఎనిమిది.

“వయసొక్కటే సొంతంగా రాసుకున్నాడే,” అంది. “పదేళ్ళు ఎక్కువేశాడు.”