పేరు తేలని పలక

చేతిలో ఉన్న చెక్కను చూసి, తట్టి, తూచి అదేమిటో తెలుసుకోవడం పాతకాలపు మోటు పద్ధతి. నాగరికుడు ఫోటో తీస్తాడు. గ్రూపులో పెడతాడు. తిని పడుకుంటాడు. తెల్లారేసరికి జ్ఞానం దానంతటదే వచ్చి ఫోనులో కూర్చుంటుంది!

నమ్మరా? మా తోడల్లుడి సంగతి వినండి.

ఆయన గిటార్లు చేస్తాడు. మాట తక్కువ, పని ఎక్కువ. ఈమధ్య పాత సామాన్ల కొట్లో ఆయనకొక పలక దొరికింది. ఎక్కడి నుంచో ఓడలో వచ్చిన యంత్రం తాలూకు పెట్టెకు అది అడుగు చెక్క. ఎర్రగా, ఒక్క ముడి లేకుండా, గీతలు దారం పట్టి గీసినట్టుంది. అలాంటి చెక్కను ఆయన బుద్ధెరిగాక చూడలేదు. నిలువునా చీరి, పుస్తకంలా తెరిచి అతికిస్తే సరిగ్గా ఒక గిటారు వీపుకు వస్తుంది. వేలెడు కూడా మిగలదు.

కావలసిందీ ఒక్క గిటారే. ఆయన కూతురు ఇన్నాళ్లూ పక్కింటి అక్క గిటారు మీద నేర్చుకుంది. ఆ అక్కకు వేరే ఊళ్లో ఉద్యోగమొచ్చింది. నెలాఖరుకు గిటారు చంకనేసుకుని పోతుంది.

పిల్ల పలకను చెవి దగ్గర పట్టుకుని వేలి కణుపుతో కొట్టింది. ఖంగుమంది.

“నాన్నా, ఇది పాడుతోందే! కోసెయ్.”

“ఆగమ్మా. పేరూ ఊరూ తెలియని చెక్కను ఎలా కోస్తాం? పెదనాన్న గ్రూపులో అడుగుదాం.”

పెదనాన్నంటే నేనే. గ్రూపుకు అడ్మిన్‌ని.

మా గ్రూపులో ఎవరు లేరు కనక! కంటి డాక్టరున్నాడు. రిటైరైన లెక్కల మాస్టారున్నాడు. ఫర్నిచర్ షాపాయన ఉన్నాడు, అమ్మేది ప్లాస్టిక్ కుర్చీలే అనుకోండి. ఫోటో పడిందో లేదో ఒకరు రోజ్‌వుడ్ అన్నారు, ఒకరు మహాగని అన్నారు, ఇంకొకరు మామిడన్నారు. డాక్టరు గారు ఫోటోను పెద్దది చేసి మరీ చూసి, ఇది ఇనుమని తేల్చారు. తరవాత తెలిసింది, ఆయన చూసింది పక్కనున్న రంపాన్నట.

మనకు పుట్టినప్పుడు ఒక్క పేరుతో సరిపెట్టారు. ఆ చెక్కదెంత అదృష్టం!

“చివర అంగుళం కోసి ఆ కోత ఫోటో పెట్టండి, చెక్కలోని సన్న రంధ్రాలు లెక్కపెట్టి జాతి చెబుతాను” అన్నారు మాస్టారు. మా తోడల్లుడు కోశాడు. మసగ్గా ఉందన్నారు. ఇంకో అంగుళం కోశాడు.

“ముక్కను నీళ్లలో వేయండి, మునిగితే రోజ్‌వుడ్” అన్నాడు షాపాయన. అది సగం మునిగి సగం తేలింది. రెండు పక్షాలూ గెలిచాయి!

ఇంకొకాయన కాల్చి వాసన చూడమన్నాడు. వాసన ఫోటోలో రాదు కదా? అందుకని వీడియో పెట్టమన్నాడు.

ఒక ముక్కను ఎండలో పెట్టి, తడిపి, మళ్లీ ఎండలో పెట్టమన్నారు. వంగకపోతే గిటారుకు పనికొస్తుందట. ఆ ముక్క వంగలేదు. వంగకపోవడం అనుమానంగా ఉందని ఇంకో ముక్క అడిగారు.

ఆదివారానికి ఏకాభిప్రాయం కుదిరింది. జాతి తేలలేదు గానీ యోగ్యత తేలింది. గిటారుకు ఇంతకు మించిన చెక్క లేదు, వెంటనే మొదలుపెట్టండి! చప్పట్ల బొమ్మలు వర్షంలా కురిశాయి.

అప్పటికి పలక ఉప్పు డబ్బా మూతంత మిగిలింది. మా తోడల్లుడు మర్యాదస్తుడు, అందరికీ థాంక్స్ పెట్టాడు. చూశారా, గ్రూపంటూ లేకపోతే ఆ చెక్క అంత మంచిదని ఆయనకు ఎలా తెలిసేది?

మర్నాడు పొద్దున్నే పిల్ల మా ఇంటికొచ్చింది. కాఫీ కూడా ముట్టలేదు. తిన్నగా మా పాత బీరువా దగ్గరికెళ్లి తలుపు మీద కణుపుతో కొట్టింది.

“పెదనాన్నా, ఇదేం చెక్క?”

“ఏమోనమ్మా, ఎవరూ చెప్పలేదు.”

“అయ్యో, మీకే తెలీదా! ఉండండి, ఫోటో తీసి గ్రూపులో పెడతా.”

ఫోను పైకెత్తింది. మాస్టారి అంగుళాలు, ఆ నీళ్ల తొట్టి, ఆ పొగ, అన్నీ కళ్ల ముందు తిరిగాయి.

“వద్దు తల్లీ! మంచి చెక్కేలే. చేత్తో పట్టుకుంటే తెలియడం లేదూ? మోగింది కూడాను!”

“మోగింది కదా? అయితే ఫోటో ఎందుకులెండి. తలుపిచ్చేయండి, నాన్న కోసుకుంటాడు.”

స్క్రూలు నేనే విప్పాను. గ్రూపులో మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే కాల్చి చూడమంటారు.