సాయంత్రం ఐదింటికి పొగ

ఆదివారం పొద్దున్నే ప్రూఫ్‌రీడరు ఎర్ర కలం పట్టుకుని భోజనాల బల్ల ముందు కూర్చున్నాడు. సాయంత్రం బాల్కనీలో నిప్పుల మీద మొక్కజొన్న పొత్తులు కాల్చాలని ఆయన ప్లాను. అందుకు వాడే బొగ్గుల పొయ్యిని ఆయన పుట్టినరోజుకు భార్య కొనిచ్చింది. వాడింది ఒక్కసారే. ఆ ఒక్కసారికే కింది ఫ్లాటు నర్సుగారి దుప్పట్లన్నీ కమురు కంపు కొట్టాయి. ఇంకొక్క ఫిర్యాదు వస్తే పొయ్యిని సామాన్ల గదిలో పెట్టి తాళం వేస్తానని అపార్ట్‌మెంటు సెక్రటరీ తేల్చేశాడు. అప్పటినుంచి పాపం, రోజూ దాన్ని తుడుచుకోవడమే.

అందుకే ఈసారి అందరికీ ముందే చెప్పి కాల్చాలనుకున్నాడు. "ఈరోజు సాయంత్రం ఐదు నుంచి ఆరు వరకు పొగ పెడుతున్నాం. దయచేసి కిటికీలు మూసుకోండి. ఆరేసిన బట్టలు తీసేయండి" అని నోటీసు రాశాడు.

"ఎవరికి పెడుతున్నారు పొగ?" అంది భార్య చదివి.

"వెటకారం వద్దు. తప్పులుంటే చెప్పు."

మూడుసార్లు దిద్దిన నోటీసులో అక్షరదోషాలెందుకుంటాయి? లిఫ్టులో అతికించి వచ్చాడు. పొగ ఎవరు పెడుతున్నారో, ఎందుకో మాత్రం అందులో లేదు.

అది చూసి సెక్రటరీకి ఎక్కడలేని సంతోషం వచ్చింది. దోమలకు పొగ కొట్టించమని ఆయన ఆరునెలలుగా మున్సిపల్ ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరుగుతున్నాడు. మున్సిపాలిటీవాళ్లే అతికించారనుకుని ఫొటో తీసి అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. అంతటితో ఊరుకోక, పిల్లలూ పెద్దవాళ్లూ గంటసేపు బయట ఉంటే మంచిదని తన వంతు ఒక ముక్క చేర్చాడు. నాలుగో అంతస్తుకు చేరేసరికి అది అందరూ ఖాళీ చేయాలని మారింది. ఐదు కాకముందే బిల్డింగు మొత్తం చాపలూ ఫ్లాస్కులతో ఎదురు పార్కులో దిగిపోయింది.

సెలవురోజు అక్షరం ముట్టనని ఒట్టేసుకున్న ప్రూఫ్‌రీడరు ఫోనే చూడలేదు. కిటికీలన్నీ మూసి ఉండటం చూసి, ఎంత మంచివాళ్లని కళ్లు చెమర్చాయి కూడా. ఆఖరి పొత్తు కాలుతుండగా బజారునుంచి భార్య వచ్చింది.

"మీ పొగకి బిల్డింగంతా పార్కులో కూర్చుంది. దోమల మందనుకున్నారట."

పొయ్యి పోవడానికి ఒక్క ఫిర్యాదు చాలనుకుంటే, ఇప్పుడు ఇంటికొకటి. నిప్పులార్పి, పొత్తులన్నీ పళ్లెంలో సర్దుకుని, పొయ్యికి మనసులోనే వీడ్కోలు చెప్పి పార్కుకు నడిచాడు. ముందుగా నర్సుగారి దగ్గరికే వెళ్లాడు.

"ఆ పొగ పెట్టింది నేనేనండీ" అన్నాడు తలవంచుకుని.

"మీరా!" అంది ఆవిడ. "రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకుంటే పగలు కూడా దోమలేనండీ. మీరు చల్లగా ఉండాలి."

అది దోమల పొగ కాదని చెప్పబోయాడు. ఈలోగా సెక్రటరీ వచ్చి, తన వల్ల కాని పని చేయించాడని భుజం తట్టాడు. పళ్లెం చేతులు మారింది. ఆయన నిజం రెండుసార్లు చెప్పాడు కానీ, పొత్తుల మీద పడ్డవాళ్లకు అది వినబడలేదు.

తరువాతి ఆదివారం భయంకొద్దీ పొయ్యి వెలిగించలేదు. సోమవారం పొద్దున సెక్రటరీ కాగితంతో తలుపు తట్టాడు.

"మీమీద ఫిర్యాదు వచ్చిందండీ. నర్సుగారే రాశారు. నిన్న పొగ ఎందుకు పెట్టలేదని."

ఆ కాగితంలో మూడు అక్షరదోషాలున్నాయి. ప్రూఫ్‌రీడరు ఒక్కటీ దిద్దలేదు.